మన దేవకన్యకి రెక్కలు ఎవరు అతికించారు?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక నోట్‌బుక్ పేజీతో మొదలుపెడతా.

మా పిన్ని కూతురు హనుమకొండలో ఇంటర్ సెకండియర్ చదువుతోంది. ఖాళీ దొరికితే చాలు కత్తెర, గమ్ పట్టుకుని కూర్చుంటుంది. పాత పెళ్లి కార్డుల మీది బంగారు కాగితం, టైలర్ షాపులో మిగిలిన లేసు ముక్కలు, ఎండిన పూరేకులు, మ్యాగజైన్ బొమ్మలు అన్నీ కత్తిరించి నోట్‌బుక్‌లో అతికిస్తుంది. మొన్న ఒక ఫెయిరీని చేసింది. పసుపుపచ్చ జుట్టు, నీలం కళ్ళు, పొట్టి గౌను, వీపు మీద సీతాకోకచిలుక రెక్కలు, చుట్టూ పుట్టగొడుగులు. బాగుంది, నిజంగానే బాగుంది.

మా అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి అడిగింది: "ఎవరే ఈ పిల్ల? ఆ గౌనుతోని చలికి ఆగుతదా?"

దానికి మా చెల్లె అన్న మాటే ఈ ఎపిసోడ్‌కి కారణం. "ఫెయిరీ అమ్మమ్మా. మన దగ్గర ఇట్లాంటివి ఉండవు."

మన దగ్గర ఉండవా? మనం ఉన్నది ఏ ఊర్లో? ఓరుగల్లులో. గంటన్నర బస్సెక్కితే రామప్ప. ఇంకో దిక్కు పోతే చేర్యాల. పద్మాక్షి గుట్ట అయితే ఊరి మధ్యలోనే ఉంది. అందుకని ఇవాళ రెండు విషయాలు చూద్దాం. ఒకటి, మన దేవకన్యలు ఎలా ఉండేవాళ్ళు, వాళ్ళకి రెక్కలు ఎప్పుడొచ్చాయి. రెండు, రకరకాల వస్తువులు కలిపి అతికించి బొమ్మ చేసే పని మన దగ్గర ఎంత పాతది. రెండూ చివర్లో ఒకే చోట కలుస్తాయి.

రెక్కల్లేకుండా ఎగిరేవాళ్ళు

ముందు రామప్పకి పోదాం. పాలంపేటలో ఉన్న ఈ రుద్రేశ్వర ఆలయాన్ని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం చెప్పే సంవత్సరం 1213. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వెళ్ళింది. ఇదివరకు వరంగల్ జిల్లానే, ఇప్పుడు ములుగు జిల్లా.

గుడి దగ్గర నిలబడి పైకి చూడండి. చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి అమ్మాయిలు కనిపిస్తారు. మొత్తం 12 మంది. మదనికలు అంటారు వాళ్ళని. ఒకామె ఒంటి మీద పాములు చుట్టుకుని ఉంటాయి, ఆమెని నాగిని అంటారు. ఇంకొకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులు ఉంటాయి. రీల్స్‌లో అందరూ చూపించేది ఆమెనే. సన్నటి నడుము, పొడుగాటి కాళ్ళు, రాయి అనిపించనంత నునుపు. మామూలు మనుషుల కొలతలు కావు అవి. శిల్పి కావాలనే వేరే లోకపు ఆడవాళ్ళలా చెక్కాడు.

ఇప్పుడు గమనించండి, ఒక్కరికీ రెక్కల్లేవు.

రామప్పలోనే కాదు. మన శిల్పంలో అప్సరసలు, గంధర్వులు, విద్యాధరులు ఎగిరేటప్పుడు మామూలుగా రెక్కలు పెట్టరు. కాళ్ళు వెనక్కి మడిచి, ఉత్తరీయం గాలికి తేలుతున్నట్టు చెక్కుతారు. అంతే, మనకి అర్థమైపోతుంది వీళ్ళు గాలిలో ఉన్నారని. రెక్కలున్న వాళ్ళు మనకి అసలే లేరని కాదు. గరుత్మంతుడికి ఉన్నాయి, హంసలకి ఉన్నాయి, సగం పక్షి సగం మనిషి అయిన కిన్నరులు ఉన్నారు. కానీ దేవకన్యకి రెక్క అవసరం అని మనవాళ్ళు అనుకోలేదు.

కథల్లో కూడా అంతే. కృష్ణదేవరాయల కొలువులో ఉన్న అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్ర కథ గుర్తుందా? ప్రవరుడు హిమాలయాలకి ఎలా వెళ్ళాడు? ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్ళకి పూసుకున్నాడు. మంచులో ఆ పసరు కరిగిపోయింది, తిరిగి రాలేకపోయాడు, అక్కడే వరూధిని అనే గంధర్వ కన్య కనబడింది. అంటే 500 ఏళ్ళ కిందటి తెలుగు కథలో మనిషి ఎగరడానికి కావాల్సింది రెక్క కాదు, ఒక లేపనం. కాళ్ళకి పూసుకునే పేస్టు అనుకోండి.

సినిమాకి వద్దాం. 1961లో కె.వి. రెడ్డి తీసిన జగదేకవీరుని కథ. ఇంద్రుడి కూతురు జయంతి భూమికి వస్తుంది. హీరో ఆమె చీర దాచేస్తాడు. చీర లేకపోతే ఆమె తన లోకానికి తిరిగి పోలేదు. చీర చేతికి వచ్చాక వెళ్ళిపోతుంది. ఇలాంటి కథ ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. యూరప్‌లో హంస కన్య ఈకల వస్త్రాన్ని దాచేస్తారు. ఈకలు పోతే ఆమె ఎగరలేదు. మన దగ్గర ఆ ఈకల స్థానంలో చీర ఉంది. ఇక 1990 మే 9న వచ్చిన జగదేకవీరుడు అతిలోకసుందరిలో అది ఉంగరం అయింది. ఇంద్రజ ఉంగరం పోగొట్టుకుంటుంది, దాని కోసం భూమ్మీద ఉండిపోతుంది.

పసరు, చీర, ఉంగరం. మన దేవకన్య లిస్టులో రెక్క లేదు. మరి ఎవరు పెట్టారు?

రెక్కలు వచ్చిన దారి

రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది పర్షియా దారి.

పారశీక కథల్లో, చిత్రాల్లో "పరీ" అనే అందమైన ఆడ దేవత ఉంటుంది. ఆమెకి రెక్కలు ఉంటాయి. దక్కన్‌లో బహమనీలు, తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీలు, బీజాపూర్ ఆదిల్‌షాహీలు వచ్చాక పర్షియా నుంచి చిత్రకారులు, పుస్తకాలు, కథలు ఇక్కడికి వచ్చాయి. ఓరుగల్లు కూడా 1323లో కాకతీయులు పడిపోయాక చేతులు మారుతూ మారుతూ గోల్కొండ కిందికి పోయింది. అలా ఈ భాష, ఈ బొమ్మలు మన మధ్యకి వచ్చాయి. ఇవాళ కూడా ఉర్దూలో అందమైన పిల్లని పరీ అనే పిలుస్తారు.

ఈ పరీ మన ఇంద్రసభలోకి ఎప్పుడు అడుగుపెట్టిందో చెప్పే ఒక నాటకం ఉంది. 1853 ప్రాంతంలో లక్నోలో ఆగా హసన్ అమానత్ అనే కవి ఉర్దూలో ఇందర్ సభ రాశాడు. సభ ఎవరిది? మన ఇంద్రుడిది. అందులో ఆడేది ఎవరు? రంభ, ఊర్వశి కాదు. పుఖ్‌రాజ్ పరీ, నీలం పరీ, లాల్ పరీ, సబ్జ్ పరీ. సబ్జ్ పరీ ఒక మానవ రాకుమారుడిని ప్రేమిస్తుంది. ఇంద్రుడికి కోపం వచ్చి ఏం చేయిస్తాడో తెలుసా? ఆమె రెక్కలు తీయించి సభ నుంచి గెంటేయిస్తాడు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇంద్రుడు సంస్కృత పురాణం నుంచి, పరీ పర్షియా నుంచి, పాటలు హిందుస్తానీ నుంచి. మూడు వేర్వేరు చోట్ల నుంచి ముక్కలు కత్తిరించి ఒకే పేజీ మీద అతికించినట్టు లేదా? పార్శీ నాటక కంపెనీలు ఈ నాటకాన్ని ఊళ్ళు తిప్పాయి. 1932లో సినిమాగా వచ్చినప్పుడు అందులో 70 దాకా పాటలున్నాయి. అంటే ఇంద్రుడి కొలువులో రెక్కల అమ్మాయి అనే ఊహ మనకి ఇంగ్లీషు పుస్తకాల కంటే ముందే తెలుసు.

రెండో దారి ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ ఒక తమాషా ఉంది. మొదట్లో ఇంగ్లీషు వాళ్ళ ఫెయిరీలకి కూడా రెక్కలు మామూలు విషయం కాదు. సీతాకోకచిలుక రెక్కల ఫెయిరీ బొమ్మలు స్థిరపడింది 18వ శతాబ్దం చివరి నుంచి, 19వ శతాబ్దంలోనే. తర్వాత పిల్లల పుస్తకాలు, గ్రీటింగ్ కార్డులు, కార్టూన్లు వాటిని ప్రపంచమంతా తిప్పాయి. మా చెల్లె నోట్‌బుక్‌లోకి వచ్చింది ఆ ఫెయిరీనే. అంటే వాళ్ళ ఫెయిరీకి కూడా రెక్కలు ఎవరో తర్వాత అతికించినవే.

టోపీ పిన్నులతో నిలబెట్టిన ఫెయిరీలు

ఇంగ్లండ్ దాకా పోయాం కాబట్టి ఒక కథ చెప్పకుండా రాలేను. ప్రపంచంలో అందరికంటే పేరున్న ఫెయిరీ కొలాజ్ ఏదో తెలుసా? దాన్ని చేసింది ఇద్దరు అమ్మాయిలు.

1917. కాటింగ్లీ అనే ఊరు. ఎల్సీ రైట్‌కి 16 ఏళ్ళు, ఆమె కజిన్ ఫ్రాన్సెస్ గ్రిఫిత్స్‌కి 9. ఇంటి వెనక వాగు దగ్గర ఫెయిరీలు ఉన్నాయని చెప్పారు, పెద్దవాళ్ళు నమ్మలేదు. ఎల్సీ నాన్న కెమెరా తీసుకెళ్ళి ఫొటో తెచ్చారు. ఫ్రాన్సెస్ ముందు చిన్న చిన్న రెక్కల ఫెయిరీలు డాన్స్ చేస్తున్నాయి! మొత్తం ఐదు ఫొటోలు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ అంతటి వాడు నమ్మేశాడు. 1920 డిసెంబరులో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వ్యాసం రాశాడు, 1922లో ఏకంగా పుస్తకమే వేశాడు.

అసలు జరిగిందేంటి? ఎల్సీకి బొమ్మలు బాగా వచ్చు. ఒక పిల్లల పుస్తకంలోని బొమ్మలు చూసి కాగితం మీద ఫెయిరీలు గీసి, కత్తిరించి, టోపీలకి పెట్టుకునే పిన్నులతో గడ్డిలో నిలబెట్టింది. అంతే! ఆ సంగతి వాళ్ళు ఒప్పుకున్నది 1980ల మొదట్లో, ఇద్దరూ ముసలివాళ్ళయ్యాక.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, కత్తిరించి అతికించే పనికి రెండు ముఖాలు ఉన్నాయి. "ఇది నేను చేసిన బొమ్మ" అని చూపిస్తే అది కళ. "ఇది నిజం" అని చూపిస్తే అది మోసం. కాగితం అదే, పిన్ను అదే, ఫెయిరీ కూడా అదే. ఇవాళ మన ఫోన్లలో తిరిగే ఫేక్ బొమ్మల గురించి కూడా ఇంతకంటే వేరే పాఠం అక్కర్లేదు.

అతికించే కళ మనదేనా?

కొలాజ్ అనే మాట ఫ్రెంచ్ నుంచి వచ్చింది, అతికించడం అని అర్థం. ఆర్ట్ పుస్తకాలు సాధారణంగా 1912తో మొదలుపెడతాయి. ఆ ఏడాది పికాసో ఒక కాన్వాస్ మీద కుర్చీ అల్లిక అచ్చు వేసిన గుడ్డ ముక్క అతికించి, చుట్టూ తాడు కట్టాడు. కానీ అంతకు 140 ఏళ్ళ ముందే, 1772లో, మేరీ డెలానీ అనే ఆవిడ 72 ఏళ్ళ వయసులో రంగు కాగితాలు సన్నగా కత్తిరించి పూల బొమ్మలు చేయడం మొదలుపెట్టింది. వెయ్యికి కాస్త తక్కువగా చేసింది. అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 72 ఏళ్ళకి మొదలుపెట్టింది, గుర్తుపెట్టుకోండి. మా అమ్మమ్మకి కూడా ఇదే చెప్పా.

ఇక మన దక్కన్‌లో? గోల్కొండ, బీజాపూర్, మొఘల్ కొలువుల్లో చిత్రాలు, అందమైన చేతిరాత ముక్కలు ఒకే ఆల్బమ్‌లో అతికించి, చుట్టూ అంచులు వేసేవాళ్ళు. దానిపేరు మురఖ్ఖా. ఆ అరబ్బీ మాటకి అర్థం ఏంటో తెలుసా? అతుకులు వేసినది. మన బొంత లాంటిది. బీజాపూర్‌లో 17వ శతాబ్దంలో నీళ్ళ మీద రంగులు తేలించి, ఆ మబ్బుల డిజైన్‌ని కాగితం మీదికి ఎక్కించి, దాంతోనే గుర్రాలు, ఫకీర్ల బొమ్మలు చేశారు. ఇవాళ యూట్యూబ్‌లో మార్బ్లింగ్ అని చూపిస్తున్నది అదే.

ఇంకా దగ్గరికి వస్తే రవివర్మ అచ్చు బొమ్మలు. 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టాక లక్ష్మి, సరస్వతి, మేనక, శకుంతల బొమ్మలు మామూలు ఇళ్ళ గోడల మీదికి వచ్చాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏం చేశారంటే, ఆ అచ్చు బొమ్మకి నిజమైన గుడ్డతో చీర కట్టారు. జరీ అంటించారు, చమ్కీలు కుట్టారు, పూసలతో నగలు పెట్టారు, తర్వాత ఫ్రేము కట్టించారు. ఒక ఫ్యాక్టరీలో వేల కాపీలు వచ్చిన బొమ్మ, ఒక ఇంట్లో చేయిపడగానే ఒక్కటే అయిపోయింది. ఇప్పుడు అలాంటివి మ్యూజియాల్లో ఉన్నాయి. చేసినవాళ్ళ పేర్లు మాత్రం చాలా వాటి మీద లేవు.

ఇక ఏడాదికోసారి మనమే చేసే పని ఒకటుంది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి, కట్ల పూలు వరసలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మని పెడతాం. బతుకమ్మ! ఆకులు, పూలు, రంగు, పసుపు ముద్ద. అన్నీ వేర్వేరు వస్తువులే. ఆర్ట్ కాలేజీలో దీన్నే మిక్స్‌డ్ మీడియా అంటారు. ఆ బతుకమ్మని మన ఊర్లో ఎక్కడ వదులుతాం? పద్మాక్షి గుండంలో. ఆ గుట్ట మీద రాతిలో జైన తీర్థంకరుల శిల్పాలు ఉన్నాయి. 1117 నాటి శాసనం అక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టిన సంగతి చెబుతుంది. జైనుల్లో ప్రతి తీర్థంకరుడికీ కాపలాగా ఒక యక్షిణి ఉంటుంది. యక్షిణి అంటే చెట్టూ పుట్టా, నిధి నీళ్ళూ కాచే దేవత. ఇంగ్లీషు ఫెయిరీకి మన దగ్గర అన్నింటికంటే దగ్గరి చుట్టం ఆమే.

చింతగింజ, రంపం పొట్టు, కొబ్బరి చిప్ప

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. చేర్యాల. మొన్నమొన్నటిదాకా వరంగల్ జిల్లా, 2016లో జిల్లాలు మారినప్పుడు సిద్దిపేటలోకి పోయింది.

చేర్యాల పటం అంటే మూడడుగుల వెడల్పు, 30, 40 అడుగులు, ఒక్కోసారి అంతకంటే పొడవు ఉండే గుడ్డ. ఎర్రటి నేపథ్యం, దాని మీద అడ్డంగా గళ్ళు గళ్ళుగా కథ. సినిమా రీలు లాగా. పటం చుట్టి పెట్టి, ఒక్కో గడి విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ కథ చెబుతారు. మీరు ఫోన్‌లో వేలుతో పైకి జరుపుతారు చూడండి, సరిగ్గా అదే పని రాత్రుళ్ళు ఊరి నడిమిట్ల జరిగేది.

ఒక్కో కులానికి ఒక్కో కథ, దాన్ని చెప్పడానికి ఒక్కో ఆశ్రిత బృందం. పద్మశాలీలకి కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెబుతారు. అందులో భావనారుషి విష్ణువు నాభి కమలం నుంచి దారం తెచ్చి దేవతలకి బట్టలు నేస్తాడు. ముదిరాజులకి కాకిపడగల వాళ్ళు, గౌడులకి గౌడజెట్టి వాళ్ళు, మాదిగలకి జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్ళు. గొల్లలకి మందెచ్చు వాళ్ళు కథ చెప్పేటప్పుడు పటం కాదు, పెట్టెలోంచి బొమ్మలు ఒక్కొక్కటే బయటికి తీస్తారు.

ఈ పటాలు, బొమ్మలు చేసేవాళ్ళని నకాషీలు అంటారు. ఆ మాట వినండి, నకాషీ. నఖ్ష్ అనే అరబ్బీ, పారశీక మాట నుంచి వచ్చింది, చిత్రం అని అర్థం. శివుడి బొమ్మ, రాముడి బొమ్మ, మార్కండేయుడి బొమ్మ వేసే తెలుగు చిత్రకారుడి పేరు పర్షియా నుంచి వచ్చింది. మన పేర్లు కూడా అతుకులే.

ఎలా చేస్తారో చూడండి. పటానికి ఖాదీ గుడ్డ తీసుకుని గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూత మీద పూత వేస్తారు. ఎండాక గుడ్డ గట్టిపడుతుంది. ఇదివరకు రంగులు కూడా ఇంట్లోనే చేసుకునేవాళ్ళు. దీపం మసి నుంచి నలుపు, శంఖం నుంచి తెలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు, హరిదళం నుంచి పసుపు. బొమ్మలకి తేలికగా ఉండే పొనికి కర్ర. ముఖం తీర్చడానికి రంపం పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద. పైన ఆ జిగురులో ముంచిన గుడ్డ. మాస్కులకి కొబ్బరి చిప్ప.

చింతగింజ జిగురు మీరు ఇంట్లో చేసుకోవచ్చు. గింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి చిన్న మంట మీద కలుపుతూ ఉడికిస్తే చిక్కబడుతుంది. మొండిగా పట్టుకుంటుంది. చేతికి అంటితే కడుక్కోవచ్చు. మంట దగ్గర చిన్నపిల్లలైతే పెద్దవాళ్ళని పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క వేయండి. కర్ర, పొట్టు, గింజ, చిప్ప, మట్టి, గుడ్డ, బంక. దీనికంటే మిక్స్‌డ్ మీడియా ఏముంటుంది? రామప్ప గుడి కూడా అంతే. గోడలకి ఎర్రటి ఇసుకరాయి, మదనికలకి నల్లరాయి, శిఖరానికి నీళ్ళ మీద తేలే తేలిక ఇటుక. పైన బరువు తక్కువ ఉండాలని తేలిక ఇటుక, సన్నటి నగిషీకి గట్టి నల్లరాయి. ఏ పనికి ఏ వస్తువో తెలిసి కలపడం మన వాళ్ళకి 800 ఏళ్ళ కిందే వచ్చు.

పోయేది ఏంటి?

ఇక్కడ కొంచెం సీరియస్ విషయం.

పటం అంటే ఆ బృందానికి బొమ్మ మాత్రమే కాదు, దేవుడు, బువ్వ కూడా. కొత్త పటం అందుకునేటప్పుడు పూజ చేస్తారు. పాతబడి చిరిగిపోతే చెత్తలో వేయరు, మనిషిని సాగనంపినట్టు సాగనంపి నీళ్ళలో నిమజ్జనం చేసే ఆచారం ఉంది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా కూర్చుని కథ వినేవాళ్ళు తగ్గారు. కథ చెప్పేవాళ్ళు తగ్గితే పటం అడిగేవాళ్ళు తగ్గారు. అడిగేవాళ్ళు లేకపోతే నకాషీ ఏం తింటాడు? కొన్ని కుటుంబాలే ఈ పనిలో మిగిలాయి. వాళ్ళు 40 అడుగుల కథని ఒక గడికి కుదించి ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. మాస్కులు, పెన్ను స్టాండ్లు, కీచైన్లు చేస్తున్నారు. చేర్యాల చిత్రానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కళ బతికింది, నిజమే. కానీ కథ లేకుండా బతుకుతోంది.

ఒక మాస్కు గోడకి తగిలించి ఉంటుంది, మీసాలు తిప్పిన మగాయన, ముక్కుపుడక పెట్టిన ఆడామె. ఇంటికొచ్చినవాళ్ళు బాగుంది అంటారు. ఎవరు వీళ్ళు అని అడిగితే చెప్పేవాళ్ళు ఉండరు. మా అమ్మమ్మ అడిగిన ప్రశ్న అదే కదా? "ఎవరే ఈ పిల్ల?" బొమ్మకి పేరు, ఊరు, కథ ఉండాలని ఆమె అనుకుంటుంది. ఎందుకంటే ఆమె పెరిగిన కాలంలో కథ లేని బొమ్మ ఉండేది కాదు.

అందుకే కొలాజ్ చేసే మీకు మూడు మాటలు.

ఒకటి, పాత వస్తువు దొరికితే వెంటనే కత్తెర పెట్టకండి. చేతితో వేసిన పటం ముక్క, తాతల నాటి అచ్చు బొమ్మ, పాత ఫొటో, ఏదైనా సరే. ఫోన్‌తో ఫొటో తీసి ప్రింట్ తీసుకోండి, ఆ ప్రింట్ కత్తిరించండి. ముక్క చేసిన పటాన్ని మళ్ళీ కలపలేం.

రెండు, ఇంకొకరి గీత వాడుకుంటే చెప్పండి. నకాషీ వేసిన ముఖం మీ పేజీలో ఉంటే, అది చేర్యాల బొమ్మ అని కింద రాయండి. వీలైతే ఒక చిన్న బొమ్మ వాళ్ళ దగ్గరే కొనండి.

మూడు, మీ ఫెయిరీకి ఒక కథ పెట్టండి. ఎవరు, ఎక్కడ ఉంటుంది, ఏ చెట్టు, ఏ చెరువు, ఏం పోగొట్టుకుంది. రామప్ప చెరువు దగ్గర ఉంటుందా, పాకాల అడవిలో ఉంటుందా, భద్రకాళి చెరువు గట్టు మీద ఉంటుందా? మీ ఇష్టం.

మళ్ళీ ఆ పేజీ దగ్గరికి

ఇదంతా మా చెల్లెకి చెప్పా. చెప్పాక ఆమె పాత ఫెయిరీని చింపేస్తుందేమో అనుకున్నా. చింపలేదు. "అన్నా, పర్షియా నుంచి వచ్చిన రెక్కలు మనవి అయినప్పుడు, ఇంగ్లండ్ నుంచి వచ్చినవి ఎందుకు కావు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. నకాషీ అనే పేరే బయట నుంచి వచ్చినప్పుడు, రెక్క మాత్రం ఏం పాపం చేసింది?

కానీ ఆమె పేజీ మార్చింది. వెనకాల చేర్యాల ఎరుపు వేసింది. పుట్టగొడుగులు తీసేసి గునుగు పూలు ఎండబెట్టి అతికించింది. జుట్టు నల్లగా చేసి జడ వేసింది. కాళ్ళకి రామప్ప మదనిక చెప్పులు తొడిగింది. రెక్కలు అలాగే ఉంచి, వాటి మీద అమ్మమ్మ పాత చీర జరీ అంచు కత్తిరించి అంటించింది. అడిగే కత్తిరించింది లెండి.

అమ్మమ్మ చూసి మళ్ళీ అదే అడిగింది, "ఎవరే ఈ పిల్ల?"

ఈసారి చెల్లె కింద కూర్చుని కథ మొదలుపెట్టింది. ఇంద్రుడికి కోపమొచ్చి రెక్కలు తీయించాడట, ఆ పిల్ల ఓరుగల్లు వచ్చిందట, ఒక సాలె ఇంట్లో ఆమెకి జరీతో కొత్త రెక్కలు నేసిచ్చారట. మధ్యలో అమ్మమ్మ ఆపి, "కూలి ఎంత తీసుకున్నరు?" అని అడిగింది. ఆ సంగతి చెల్లె ఇంకా ఆలోచిస్తోంది.

మీ ఇంట్లో గుడ్డ మీద, కాగితం మీద ఇలా అతికించి చేసిన పాత బొమ్మలు ఉంటే, చేసినవాళ్ళ పేరు ఇవాళే అడిగి వెనకాల పెన్సిల్‌తో రాసి పెట్టండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.